పాత ఫర్నిచర్, పాత చీరలతో ఇంటి అలంకరణ: వైజాగ్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అద్దె ఇల్లయినా సొంత ఫ్లాటయినా, తక్కువ ఖర్చుతో ఇంటిని అందంగా పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇంటర్నెట్‌లో కనిపించే చిట్కాలు చాలావరకు పొడి గాలి ఉన్న ఊళ్లకు సరిపోతాయి. మనకు పక్కనే సముద్రం. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, తేమ చెక్కను ఉబ్బిస్తుంది, ఎండ బట్ట రంగును లాగేస్తుంది. అందుకని ఇక్కడ ఏ పాత వస్తువు కొన్నా రంగూ మెరుపూ తర్వాత చూసుకోవచ్చు, ముందు లోపలి గట్టిదనం చూడండి. కింద చెప్పేవన్నీ ఆ లెక్క మీదే ఉంటాయి.

వైజాగ్‌లో మంచి పాత ఫర్నిచర్ ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది?

ఈ విషయంలో మన ఊరు అదృష్టవంతురాలు. నేవీ, స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే, బ్యాంకులు, ఇలా బదిలీలుండే ఉద్యోగాలవాళ్లు ఇంతమంది ఒకే ఊళ్లో ఉన్నారు, బదిలీ ఆర్డరు చేతికి రాగానే డైనింగ్ టేబుల్‌ని ఇంకో రాష్ట్రానికి మోసుకెళ్లడం కంటే ఇక్కడే అమ్మేసి పోదామని చూస్తారు. పిల్లల పరీక్షలు అయిపోయాక, బడులు తెరిచేలోపు, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా గట్టిగా వెతకండి. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ ఎలాగూ చూస్తారు, వాటితోపాటు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న స్నేహితులకు, వాచ్‌మన్‌లకు ఒక మాట చెప్పి ఉంచండి. ఎవరు ఖాళీ చేస్తున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది.

రెండో దారి పాత పెంకుటిళ్లు. వన్ టౌన్‌లోనో భీమిలిలోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతుంటే తలుపులు, కిటికీ రెక్కలు, దూలాలు బయటికొస్తాయి. చేవదేరిన టేకు తలుపు ఒక్కటి దొరికిందంటే దాని కింద నాలుగు కాళ్లు వేయించండి, పైన అద్దం పరిస్తే డైనింగ్ టేబుల్ తయారు. ఇలాంటి తలుపులు కొనేటప్పుడు పగటి వెలుతురులోనే చూడండి. గొళ్లేలు, ఇత్తడి బందులు కూడా కలిపి ఇమ్మని అప్పుడే మాట్లాడుకోండి, తర్వాత అడిగితే ఇవ్వరు.

కొనే ముందు ఏం చూడాలి? నాకు చెక్క గురించి ఏమీ తెలియదు.

తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక టేపు, ఫోన్‌లో టార్చి, ఒక తాళంచెవి ఉంటే చాలు.

ముందు వస్తువును తలకిందులు చేయమనండి. పైభాగానికి ఎవరైనా పాలిష్ కొట్టి పెడతారు, అడుగున మాత్రం ఎవరూ కొట్టరు, అసలు చెక్క అక్కడే కనిపిస్తుంది. కాళ్ల అడుగుభాగం నల్లబడి మెత్తగా ఉందంటే చాలాకాలం తడిలో నిలబడిందని అర్థం. తాళంచెవి కొసతో కాస్త నొక్కండి. దిగబడితే వదిలేయండి, గట్టిగా ఉండి పైపైన మరకే అయితే కొనొచ్చు. తర్వాత కుర్చీనో టేబుల్‌నో రెండు ఎదురు మూలలు పట్టుకుని ఊపండి. ఒక చెక్క కొసను ఇంకో చెక్క బెజ్జంలో దిగ్గొట్టి చేసిన అతుకు వదులైనా జిగురు పెట్టి బిగిస్తే మళ్లీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. మేకులతోనో స్క్రూలతోనో మాత్రమే నిలబెట్టిన అతుకు కదులుతుంటే ఆ బెజ్జాలు అప్పటికే పెద్దవైపోయి ఉంటాయి, వడ్రంగి పని ఎక్కువ అవుతుంది. సొరుగులన్నీ బయటికి లాగి చూడండి, వెనక పలక చూడండి, వాసన చూడండి. మనవాళ్లకు బేరం ఆడటం బాగా వచ్చు కానీ వస్తువును తిప్పి చూడటానికి మొహమాటపడతారు. అక్కర్లేదు, డబ్బు మీది.

టేపు ఎందుకంటే మీ లిఫ్టు, మెట్ల మలుపు, గుమ్మం వెడల్పు ముందే కొలిచి రాసుకుని ఉండాలి. మూడో అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే బీరువా ఎక్కించే కూలీ కూడా ధరలో కలుపుకుని బేరం ఆడండి.

ఆన్‌లైన్‌లో కొన్న కంప్యూటర్ టేబుల్, వార్డ్‌రోబ్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి, తీసుకోవచ్చా?

అవి చాలావరకు పార్టికల్ బోర్డు. చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక అది, అంచు దగ్గర పట్టీ ఊడితే చాలు గాలిలోని తేమ లోపలికి వెళ్లి ఉబ్బిపోతుంది, ఉబ్బినది మళ్లీ యథాస్థితికి రాదు. పైగా ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూ పట్టు తగ్గిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కిటికీలు పగిలి ఇళ్లలోకి వాన కొట్టినప్పుడు తడిసిన టేకు మంచాలు ఆరబెట్టుకుని వాడుకున్నవాళ్లు ఉన్నారు, పార్టికల్ బోర్డు అలా తడిస్తే పారేయడమే. అంచులన్నీ బాగుండి, విప్పకుండా ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోగలిగితే, బాల్కనీకీ బాత్‌రూమ్‌కీ దూరంగా పెట్టేటట్టయితే తీసుకోండి. మంచి ప్లైవుడ్ వేరే విషయం, అది నిక్షేపంగా కొనొచ్చు.

చెదలు, పుచ్చు, నల్లులు ఇంట్లోకి వచ్చేస్తాయేమోనని టెన్షన్.

ఆ భయం మంచిదే, అది ఉంటేనే జాగ్రత్తపడతాం. చెక్క వస్తువు ఏదైనా నేరుగా బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్లకండి. బాల్కనీలోనో వరండాలోనో కింద తెల్ల కాగితం పరిచి, దాని మీద రెండు వారాలు ఉంచండి. గుండుసూది బెజ్జాల్లాంటివి చెక్క మీద ఉన్నంత మాత్రాన కంగారు పడొద్దు, అవి ఎప్పుడో పురుగు బయటికి పోయిన గుర్తులు కూడా కావచ్చు. రోజూ కాగితం మీద కొత్తగా మెత్తటి పొడి రాలుతోందంటే మాత్రం లోపల పురుగు ఉంది. పెయింట్ షాపులో చెక్క పురుగుల మందు అడిగి, గ్లవ్స్ వేసుకుని, సిరంజితో ఆ బెజ్జాల్లోకి ఎక్కించి, మైనంతోనో లప్పంతోనో మూసేయండి. కొన్ని వారాలు గమనిస్తే పని చేసిందో లేదో కాగితమే చెబుతుంది. చెదల మట్టి గొట్టాలు కనిపించిన వస్తువు జోలికి అసలు పోవద్దు.

నల్లులు కుట్ల మధ్య, మంచం అతుకుల్లో, స్క్రూ బెజ్జాల్లో దాక్కుంటాయి. చిన్న నల్ల చుక్కలు కనిపిస్తే అవి వాటి గుర్తులే. పాత బట్ట ఏదైనా ఇంటికి రాగానే మూట విప్పకుండా 60 డిగ్రీల వేడి నీళ్లలో వేసి ఉతికితే నల్లులు, గుడ్లు కూడా చస్తాయి. అంత వేడికి ఓర్చుకోని బట్టయితే తేవద్దు.

పాత రంగు గీకేటప్పుడు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి, ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన కుర్చీ, ఊయల, తలుపు ఏదైనా సరే అందులో సీసం ఉండొచ్చు అనుకునే పని చేయాలి. పొడిగా ఎమిరీ పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము గాల్లో లేచి పిల్లల చేతులకు, నోట్లోకి పోతుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చాలా చెడ్డది. నీళ్లు చిలకరించి వాటర్ పేపర్‌తో తడిగా రుద్దండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి, కింద పాత పాలిథిన్ పరిచి పని అయ్యాక దాన్ని మడిచి పారేయండి, ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ఈ పని ఇంటి బయట, ఇంకొకరి చేత చేయించండి. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే గీకకుండా దాని మీదే ప్రైమర్ వేసి కొత్త రంగు వేసుకోవడం ఇంకా మంచిది.

పాలిష్ ఏ కాలంలో పెట్టుకోవాలి, మనమే చేసుకోవచ్చా?

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. వానాకాలంలో, తుఫాన్ల కాలంలో లక్కను స్పిరిట్‌లో కరిగించి వేసే ఫ్రెంచ్ పాలిష్ పెడితే తేమ లోపల చిక్కుకుని తెల్లగా మబ్బు పట్టినట్టు అవుతుంది. చేసుకోవడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. 120 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి 180, 220 దాకా, ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక మరింత కనిపిస్తాయి. పాత నూలు పంచె ముక్కలో దూది పెట్టి ఉండ కట్టి, పల్చగా పూతల మీద పూతలు వేయండి. డైనింగ్ టేబుల్ పైభాగానికి మాత్రం ఇది వద్దు, వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది. దానికి పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించండి. చుట్టుపక్కల పొయ్యి, అగరుబత్తి ఏదీ వెలగకుండా చూసుకోండి, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది.

తుప్పు పట్టిన పాత ఇనప బీరువా ఉంది, బాగుచేయొచ్చా?

అడుగు రేకు చిల్లులు పడకపోతే చక్కగా బాగుచేయొచ్చు. సముద్రం దగ్గర ఇళ్లలో పెయింట్ వేసినా మళ్లీ ఆరు నెలలకే బుడగలు వస్తున్నాయని చాలామంది అంటారు. కారణం లోపల మిగిలిపోయిన ఉప్పు. తుప్పు గీకే ముందు మామూలు నీళ్లలో ముంచిన గుడ్డతో మొత్తం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వండి. తర్వాత, పాత రంగుకు పైన చెప్పిన సీసం జాగ్రత్తలు ఇక్కడా పాటిస్తూ, వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, ఎమిరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, అదే పూట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసేయండి. రేపు వేద్దాంలే అని వదిలేస్తే మన గాలికి తెల్లారేసరికి మళ్లీ గోధుమరంగు పొర కనిపిస్తుంది. ప్రైమర్ ఆరాక ఎనామిల్ రెండు పూతలు. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు పెట్టండి, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

రంగు విషయంలో నా అభిప్రాయం అడిగితే, ఆ పాత బూడిద రంగు మీద ముదురు ఆకుపచ్చో నీలమో వేయండి. హాల్లో పెట్టినా సిగ్గుపడక్కర్లేదు.

పేము కుర్చీలో సీటు కుంగిపోయింది. కొత్తగా అల్లించాలా?

అల్లిక తెగిపోకుండా ఉంటే ముందు ఇది చేసి చూడండి. కుర్చీని తిరగేసి, వేడి నీళ్లలో ముంచి పిండిన మందపాటి తువ్వాలు సీటు అడుగున పరిచి అరగంట ఉంచండి. పేము పూర్తిగా తడవాలి. తీసేసి నీడలో, గాలి తగిలేచోట ఒక రోజంతా ఎవరూ కూర్చోకుండా వదిలేయండి. ఆరేటప్పుడు పేము తనంతట తాను బిగుసుకుని సీటు పైకి లేస్తుంది. ఇది నిజమైన పేముకే, ప్లాస్టిక్ వైరుతో అల్లినవాటికి పనిచేయదు. మన ఊరి వాతావరణానికి పేము కుర్చీ కంటే మంచి సెకండ్ హ్యాండ్ వస్తువు లేదని నా గట్టి నమ్మకం. తేలిక, వీపుకు గాలి ఆడుతుంది, ఇనుము లేదు కాబట్టి తుప్పు గొడవ లేదు. నవారు పట్టె మంచం కూడా అంతే, నవారు విప్పి ఉతికి ఎండబెట్టి మళ్లీ బిగించుకుంటే కొత్త మంచమే.

పాత చీరలతో కర్టెన్లు కుట్టిస్తే ఎన్ని వస్తాయి?

చీర అయిదున్నర మీటర్లు, పన్నా దాదాపు 45 అంగుళాలు. ఏడడుగుల కర్టెన్‌కు పైమడత, కిందిమడత కలిపి రెండు మీటర్ల ముప్పై అయిదు సెంటీమీటర్లు వేసుకుంటే ఒక చీరకు రెండు పలకలు వచ్చి, ఇంకో 80 సెంటీమీటర్లు మిగులుతుంది. అందులో ఒక కుషన్ కవరు. నాలుగడుగుల వెడల్పు కిటికీకి రెండు పలకలూ కలిపితే కిటికీ వెడల్పుకు దాదాపు రెండింతల బట్ట అవుతుంది, కుచ్చిళ్లు నిండుగా పడతాయి. గుమ్మానికి ఒక్క పలకే వేస్తే బట్ట బిగదీసినట్టు ఉంటుంది, అక్కడా రెండు వేయండి. పైటచెంగును కోసి ముక్కలు చేయకండి, ఆ డిజైను కర్టెన్ కింది భాగంలో వచ్చేట్టు టైలర్‌కు ముందే చూపించి చెప్పండి, గది అందం మొత్తం దాంతోనే వస్తుంది.

నూలు చీరలే కర్టెన్లకు మేలు. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు ఉతికేకొద్దీ మెత్తబడతాయి, అంచు గట్టిగా ఉంటుంది కాబట్టి పక్కలు మడిచి కుట్టే పని కూడా తప్పుతుంది. పాత పట్టుచీర మడతల దగ్గర చివికి ఉంటుంది, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. అలాంటిదాన్ని కిటికీకి వేలాడదీస్తే ఎండకు చీలికలైపోతుంది, జరీ అంచు మాత్రం జాగ్రత్తగా విప్పి మామూలు తెల్ల కర్టెన్‌కు అంచుగా వేయించండి. కలంకారీ, ముదురు రంగు నేత చీరలు మొదటిసారి విడిగా ఉతికి రంగు పోతుందో లేదో చూశాకే టైలర్‌కు ఇవ్వండి. కొత్త నూలు బట్ట కొన్నా ముందు ఉతికి ఆరేసి, ఆ తర్వాతే కొలతలు. లేకపోతే మొదటి ఉతుకుకే కర్టెన్ చీలమండ పైకి ఎగిరి కూర్చుంటుంది.

ఇంట్లో తాతగారివి పొందూరు ఖాదీ పంచెలు ఉంటే అవి దాచుకోవలసినవి. మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్ట అది. వాడుకోదలిస్తే తూర్పు కిటికీకి కోయకుండా నిండు పంచె వేలాడదీయండి, ఉదయపు ఎండ దానిలోంచి వడకట్టినట్టు పడుతుంది.

చీరలు లేనివాళ్లకు? జగదాంబ, డాబా గార్డెన్స్ వైపు బట్టల కొట్లలో కట్ పీసులు అడగండి. గుడ్డ తాను చివర మిగిలిన రెండు మూడు మీటర్ల ముక్కలు కుషన్లకు, టేబుల్ మీదికి బాగా సరిపోతాయి.

సముద్రపు గాలికి కర్టెన్లు ఎగిరిపోతున్నాయి, రంగు కూడా వెలిసిపోతోంది.

కిందిమడతలో బరువు కుట్టించండి. ఇంట్లో పాత పావలా బిళ్లలు ఉంటాయి, 2011 జూన్ 30 తర్వాత అవి చెల్లవు కాబట్టి ఇలా అయినా పనికొస్తాయి. స్టీలు బిళ్లలైతే చాలు. ఇనప వాషర్లు మాత్రం వేయొద్దు, తుప్పు మరక బట్టకు పట్టి వదలదు. కర్టెన్ రింగులు కూడా స్టెయిన్‌లెస్ స్టీలో చెక్కవో తీసుకోండి. రంగు వెలవకుండా ఉండాలంటే వెనక పాత తెల్ల దుప్పటి అస్తరుగా వేయించాలి. నెలకోసారి ఉతకండి, ఉప్పు జిగురు పేరుకుంటే బట్ట బరువెక్కి దుమ్ము పట్టుకుంటుంది.

సోఫా ఫ్రేము బాగుంది, గుడ్డ పాడైంది. మార్పించడం లాభమా?

ఫ్రేము గట్టి చెక్కదైతే లాభమే. సీటుకు 40 డెన్సిటీ ఫోము, వీపుకు 32 అడగండి. సీటుకు తక్కువ రకం వేస్తే త్వరగా కుంగిపోతుంది, అక్కడ డబ్బు మిగుల్చుకోవడంలో అర్థం లేదు. గుడ్డ మీదే కొని ఇవ్వండి, జిప్పు పెట్టించి విప్పి ఉతుక్కునేలా కుట్టించండి. రెగ్జిన్ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను, మే నెల ఉక్కపోతలో దాని మీద కూర్చున్నవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే ఒక జంపఖానా సీటు మీదుగా వీపు దాకా పరిచి, వెనక నాడాలు కట్టండి.

అద్దె ఇల్లు, ఓనరు ఒక్క మేకు కూడా కొట్టనివ్వరు.

కిటికీ గూడులో బిగించే స్ప్రింగ్ రాడ్డు వాడండి, బెజ్జాలు అవసరం లేదు. ఫోటోలు, అద్దాలు గోడకు కొట్టకుండా పాత బెంచీ మీద గోడకు ఆనించి వరసగా పెట్టండి. నేత చీరలో ఒక మీటరు ముక్కను ఫ్రేము కట్టించి అలాగే ఆనిస్తే ఏ పోస్టరూ దాని ముందు నిలవదు. హాలునీ భోజనాల చోటునీ విడదీయాలంటే పాత కిటికీ రెక్కలు మూడింటిని బందులతో కలిపి మడత తెరలా నిలబెట్టండి, ఇల్లు మారేటప్పుడు మీతోపాటే వస్తుంది.

ప్యాకింగ్ ప్యాలెట్లతో టీపాయ్ చేయొచ్చా?

చేయొచ్చు, ముందు ముద్ర చూడండి. విదేశీ సరుకుతో వచ్చే చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తు, పక్కన అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, అది ఇంట్లోకి వద్దు. నూనె, రసాయనాల మరకలున్నవీ వద్దు.

తక్కువ ఖర్చుతో పాత బల్ల రూపం మార్చాలంటే ఒక్కటి చెప్పండి.

సొరుగుల పిడులు మార్చండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్క పూసి బొమ్మలు చేస్తారు, 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరు మనకు దగ్గరే, వరాహ నది ఒడ్డున. అక్కడి కళాకారులను గుండ్రటి పిడులు చేసిస్తారా అని అడగండి, పసుపో ఎరుపో లక్క పిడులు నాలుగు పెడితే పాత టేకు బల్లను ఎవరైనా ఆగి చూస్తారు. డబ్బు కూడా పనిచేసినవాళ్ల చేతికే వెళ్తుంది.

మొత్తం ఖర్చు ఎంతలో ఉంచుకోవాలి?

కొన్న ధర, ట్రాలీ ఆటో, మోత కూలీ, వడ్రంగి, పెయింటు, గుడ్డ, టైలర్, అన్నీ కాగితం మీద కూడండి. అదే సైజు, అదే రకం చెక్కతో కొత్తది ఎంతవుతుందో దానిలో సగం దాటితే వదిలేయండి, గట్టి టేకు, రోజ్‌వుడ్ అయితే ఇంకొంచెం ముందుకు వెళ్లొచ్చు. ఒకేసారి ఇల్లంతా మార్చాలని పెట్టుకోవద్దు. హాల్లో ఒక మూల పూర్తిచేసి, దానితో నెల రోజులు ఉండి, తర్వాతది ఏం కావాలో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో అసలు కొనకూడనివి ఏవి?

పరుపులు, దిండ్లు వద్దు. ఊచల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న చిన్నపిల్లల ఊయల మంచాలు వద్దు, పిల్లల తల ఇరుక్కుంటుంది. పాత టేబుల్ ల్యాంపు నచ్చితే కొనండి కానీ వైరు, హోల్డరు కొత్తవి వేయించాకే ప్లగ్ పెట్టండి, చీర గుడ్డతో షేడ్ చేస్తే లోపల ఎల్ఈడీ బల్బే ఉండాలి, గుడ్డ బల్బుకు తగలకూడదు. పొడవాటి అల్మరా కొంటే, పిల్లలున్న ఇంట్లో అయితే మరీ, ఓనరును బతిమాలి అయినా సరే పైన ఒక క్లాంపుతో గోడకు బిగించండి. పిల్లలు సొరుగుల మీద కాలు పెట్టి ఎక్కుతారు, అల్మరా ముందుకు ఒరిగిపోతుంది.